వివక్షకు సాక్ష్యమెక్కడ?

విష్ణుకుండినుల శాసనములలో లెందులూరను పేర వినబడిన దెందులూరు నేడు ఏలూరు జిల్లాలో నొక మండలకేంద్రము; ఉత్తరమున పెదవేగి మెట్ట, దక్షిణమున కొల్లేటి పల్లము, నడుమ వరిచేలు. పల్లపు వైపు చేలనేకము చేపల చెఱువులుగాను రొయ్యల చెఱువులుగాను మాఱినపిదప, ఊడ్పులకును కోతలకును పోవుచుండిన స్త్రీలలో పలువురు తెల్లవాఱకమునుపే ఆటోలెక్కి రొయ్యల ప్రాసెసింగు ప్లాంటులకు పోవుట కలవాటుపడిరి. అట్టి ప్లాంటు ఒకదానిలో గ్రేడింగు బల్లయొద్ద పురుషుల ప్రక్కనే నిలిచి పనిచేయు కొందఱు స్త్రీలు, తమకు ముట్టు దినవేతనము వారికి ముట్టుదానికంటె తక్కువయని గ్రహించి, ఏలూరులో కార్మికవ్యాజ్యములు నడపు నొక న్యాయవాదినిని ఆశ్రయించిరి. ఆమె మేనమామ దెందులూరి వాస్తవ్యుడు. బియ్యపుమిల్లులలోను కర్మాగారములలోను యావజ్జీవము కూలిపద్దులు వ్రాసి, వ్రాయించి, మేనేజరుగా విరమించినవాడు. ఈ సంవాదము వారిరువురిది. ఇందు నా పక్షమేదో దాచను: నేను మేనకోడలి పక్షమువాడను. ఐనను మేనమామ ఆక్షేపణలు తేలికవి కావు. రేపు అధికారి యెదుట ప్రతిపక్షపు వకీలు నోట వినవలసిన మాటలే యవి. వానిని ముందు ఇంటిలో విని తట్టుకొనని అర్జీ ఆఫీసులో నిలువదు.

మేనమామ: అమ్మాయీ, ఆ ఆడవాండ్రచేత నీవు అర్జీ వేయించెదవని వింటిని. ఒక్క మాట అడిగెదను. "ఈమె స్త్రీ గనుక తక్కువ యిచ్చుచున్నాను" అని ఏ మేనేజరైనను పుస్తకమున వ్రాయునా? నా యుద్యోగకాలమంతయు నేను వ్రాయలేదు. నాచేత వ్రాయించినవాడును లేడు. చోరీ యనిన తాళము పగిలియుండును, అప్పనిన నోటు ఉండును. వివక్షయన్నది యజమాని మనస్సులోని సంగతి. దానికి సాక్షి యెవడు?

మేనకోడలు: వేతనముల విషయములో యజమాని మనస్సుతో నాకు పని లేదు, మామయ్యగారూ. ఆయన స్త్రీలను ద్వేషించెనా, గౌరవించెనా యని చట్టము అడుగదు. ఇద్దఱు చేయుచున్న పని యొకటేనా, లేక పోలికగల పనియేనా, అట్లయినచో ఇద్దఱికి ముట్టుచున్న సొమ్ములో భేదమెందుకు, ఇంతియే ప్రశ్న. సమానవిలువ గల పనికి సమానవేతన మను అంతర్జాతీయ కార్మికసంస్థవారి 1951 నాటి ఒడంబడికను మన దేశము 1958లో అంగీకరించెను. 1975లో ఆర్డినెన్సుగా మొదలై 1976లో చట్టమైన సమానవేతన చట్టము అర్ధశతాబ్దము నిలిచెను. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమును వేతనస్మృతి ఆక్రమించినది. పేరు మాఱినను మూడవ సెక్షనులోని ధర్మము మాఱలేదు. వేతనములోనే కాదు, పనిలో చేర్చుకొనుటలోను లింగమును బట్టి భేదము చూపరాదని అచట వ్రాసియున్నది.

మేనమామ: ధర్మము మాఱకపోవచ్చును. కాని "పని యొకటే" యన్న మాట నీవనినంత సులభముగా రుజువగునా? పద్దులో పురుషుడు గ్రేడరు, స్త్రీ హెల్పరు. రెండు పేర్లు, రెండు రేట్లు. ఆయన ఐసు టబ్బులు మోయును, క్రేట్లు ఫ్రీజరుదాక ఈడ్చును. ఆమె బల్లయొద్ద నిలుచుండి కౌంటు చూచి రొయ్యను వేఱుచేయును. మన చేలలోను ఆడకూలి వేఱు, మగకూలి వేఱు. తాతలనాటినుండి యిదే మర్యాద. పైగా నేనును కొన్ని తీర్పులు వినియున్నాను. 1981లో ఎయిరిండియా విమానములలోని పరిచారికలు సుప్రీముకోర్టుకు పోయి, అదే విమానములో అవే పళ్లెములందించు పురుషులతో తమకు సమత కావలెననిరి. కోర్టువారు ఏమనిరి? నియామకము వేఱు, అర్హతలు వేఱు, పదోన్నతి మార్గము వేఱు. కావున మీరు వేఱు వర్గము, వారు వేఱు వర్గము అనిరి. వర్గము వేఱని పుస్తకములో ముందే వ్రాసికొన్న యజమానిని నీవేమి చేయగలవు?

మేనకోడలు: మీరు చెప్పిన తీర్పు నిజము, అందలి దౌర్బల్యమును నేను కప్పిపుచ్చను. ఐనను ఆ తీర్పే తొలి గర్భముతో ఉద్యోగము ఊడుననిన నిబంధనను కొట్టివేసినదని మఱవకుడు. వర్గము పేరు చెప్పి యెల్లకాలము తప్పించుకొనుటకు వీలులేదని ఆఱేండ్లకే తేలెను. బొంబాయిలో మెకినన్ మెకెంజీ యను నౌకావ్యాపారపు కంపెనీలో ఆడ్రీ డికోస్టా యను స్టెనోగ్రాఫరుండెడిది. స్టెనోగ్రాఫర్లలో పురుషులకు ఒక శ్రేణి, పెద్ద యధికారులకు ఆంతరంగికులుగా నియమింపబడిన స్త్రీలకు అంతకు తక్కువైన వేఱొక శ్రేణి. 1977లో ఆమె యుద్యోగము ముగిసినపిదప, ఆ భేదపు సొమ్ము ఇప్పింపుడని కార్మికాధికారికి అర్జీ పెట్టుకొనెను. కంపెనీవారు మీరిపుడు చెప్పిన మాటలే చెప్పిరి: వారి పని వేఱు, వీరి పని వేఱు. అంతతో నాగక, ఈ శ్రేణులు యూనియనుతో కుదిరిన ఒప్పందము ప్రకారమే యేర్పడినవనిరి. సమముగా నిచ్చుటకు కంపెనీ ఆర్థికస్థితి చాలదనియు అనిరి. 1987లో సుప్రీముకోర్టు, జస్టిస్ వెంకటరామయ్యగారి నోట, మూడింటిని త్రోసిపుచ్చెను. పనుల పోలికను విశాలదృష్టితో చూడవలెననియు, కాగితముమీద వ్రాసిన బాధ్యతలను గాక నిజముగా జరుగు పనిని చూచి, ఆచరణలో లెక్కకు వచ్చు భేదమున్నదా యని విచారింపవలెననియు, చట్టమునకు విరుద్ధమైన యొప్పందము ఎవరు చేసికొన్నను చెల్లదనియు తేల్చిచెప్పెను. గ్రేడరు, హెల్పరు అను పేర్ల బలమెంతయో ఆ తీర్పులోనే తెలియుచున్నది.

మేనమామ: ఆ తీర్పు నేనును ఎఱుగుదును. ఆమెకు వచ్చిన సొమ్మెంత?

మేనకోడలు: ఏడువేల చిల్లర.

మేనమామ: పదియేండ్లు! ఏడువేల చిల్లరకు పదియేండ్లు! మొదటి యధికారి ఆమె అర్జీని కొట్టివేసెననియు, అప్పీలులో గాని ఆమె మాట నెగ్గలేదనియు, అటుపిమ్మట కంపెనీవారు హైకోర్టునకును సుప్రీముకోర్టునకును ఈడ్చిరనియు నీవు చెప్పవైతివి. బొంబాయి మహానగరములో ఇంగ్లీషు చదివిన స్టెనోగ్రాఫరుకే అట్లయినచో, రాత్రి షిఫ్టు దిగి వచ్చి బియ్యము పొయ్యిమీద పెట్టుకొనవలసిన మన దెందులూరి స్త్రీ పదియేండ్లు ఏలూరు ఆఫీసు మెట్లెక్కి దిగునా? నేను యజమాని పక్షమున చెప్పుట లేదమ్మా. పస్తులుండవలసినది ఆమె గనుక చెప్పుచున్నాను.

మేనకోడలు: అందులకే ఆలస్యమును తగ్గించు వ్రాత యేదియో మీతో మాటాడుటకు వచ్చితిని. కాలము తీర్పుకంటె ముందే క్లెయిమును చంపగలదు. వేతనస్మృతి క్రింద మూడేండ్లలోపల అడుగవలెను. ఆలస్యమునకు తగిన కారణము చూపిన అధికారి మన్నింపవచ్చును గాని, దానిని నమ్ముకొని కూర్చుండరాదు. గెజిటెడ్ హోదా గల యధికారి విచారించి మూడునెలలలో తేల్చుటకు యత్నింపవలెననియు, రావలసిన సొమ్ముతోపాటు దానికి పదిరెట్లవఱకు నష్టపరిహారము విధింపవచ్చుననియు ఉన్నది. పనిచోట లైంగికవేధింపు జరిగినచో, 2013 నాటి చట్టము ప్రకారము వ్యవధి మూడేనెలలు. కారణమున్నచో ఇంకొక మూడునెలలు. అమెరికాలో మన పిల్లలు పనిచేయు కంపెనీలమీద ఫెడరలు కమిషనుకు వ్రాసికొనవలెనన్న 180 దినములు, కొన్ని రాష్ట్రములలో 300 దినములు. గాయపడినవాడు తేఱుకొనుటకే అంతకాలము పట్టును. అంతలో గడువు మీఱును. నావద్దకు వచ్చినవారిలో ఎందఱినో వెనుకకు పంపవలసివచ్చినది వారి మాట అబద్ధమగుటచేత గాదు, తేదీ దాటిపోవుటచేత.

మేనమామ: సరే, గడువులోపలనే వచ్చిరనుకొనుము. ఏమని వ్రాసెదవు?

మేనకోడలు: నేనిదివఱకు విన్న అర్జీలలో సగము, "మమ్ము హీనముగా చూచుచున్నారు, మాకు న్యాయము చేయుడు" అని మొదలై అచటనే ముగియును. ఆ బాధ నిజమైనదే. కాని దానిపై అధికారి యేమి విచారింపగలడు? అందుచేత నేను వారిని మొదట బాధ నడుగను, పని నడుగుదును. గేటు దాటి గౌను వేసికొన్నది మొదలు చేతులు కడుగుకొని బయటకు వచ్చువఱకు గంటగంటకు చేతులు చేసిన పనియేమి? తల తీయుటయా, పొట్టు ఒలుచుటయా, గ్రేడింగా, ప్యాకింగా? ఎదుట నిలిచిన పురుషుడెవరు? ఆయన ఎపుడు చేరెను? ఆయన యేమి చేయును? ఆయన క్రేట్లు మోయుట దినదినమా, లారీ వచ్చిననాడు మాత్రమేనా? నిత్యము మోయువానితో పోల్చుకొన్నచో మనము ఓడుదుము, ఓడవలసినదే. ఏలననగా ఆ పని నిజముగా వేఱు. అదే బల్లయొద్ద, అదే షిఫ్టులో, కొంచె మించుమించుగా అదే యేట చేరి, అదే పని చేయు నొక్క పురుషుని పట్టుకొనగలిగితిమా, అర్జీలో సగము వ్రాసినట్లే. పదుగురు పురుషులను చూపుటకంటె పోలిక చక్కగా కుదిరిన ఒక్కని చూపుట బలము.

మేనమామ: ఆ పురుషుడు వచ్చి సాక్ష్యము చెప్పునా? తన రేటు ఎక్కువ యని ఒప్పుకొని, రేపటినుండి మేస్త్రీకి కంటగింపగునా?

మేనకోడలు: చెప్పకపోవచ్చును. ఆయన నోరు విప్పకున్నను ఆయన బట్వాడా పద్దు విప్పుదుము. యజమానియొద్ద నున్న పుస్తకములను తెప్పింపుమని అధికారిని కోరవచ్చును; ఆ యధికారికి సాక్షులను రప్పించుటకును పత్రములను తెప్పించుటకును సివిలుకోర్టుకున్న అధికారమున్నది. చెల్లింపవలసిన వేతనము చెల్లింపలేదని గాని తక్కువగా చెల్లించెనని గాని క్లెయిము వచ్చినపుడు, చెల్లించితినని రుజువుచేయు భారము యజమానిపైననే యుండునని వేతనస్మృతి 59వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. ఒకని ప్రత్యేకజ్ఞానములో నున్న సంగతిని వాడే రుజువు చేయవలెనను పాత సాక్ష్యచట్టపు 106వ సెక్షను ధర్మము క్రొత్త సాక్ష్య అధినియమములో 109వ సెక్షనుగా నిలిచియున్నది.

ఈ రుజువు మార్గమును అమెరికా సుప్రీముకోర్టు 1973లో ఒక నల్లజాతి మెకానిక్కు వ్యాజ్యములో మిక్కిలి విశదముగా చూపినది. పెర్సీ గ్రీన్ అను నాతడు మెక్డొనెల్ డగ్లస్ అను విమానముల కంపెనీలో పనిచేసి, తొలగింపబడి, అదే కొలువునకు మరల అర్హుడై యడిగినను నిరాకరింపబడెను. కోర్టువారు చెప్పినది: మొదట అర్జీదారు తాను అర్హుడనియు, నిరాకరింపబడితిననియు, ఆ స్థానము ఖాళీగానే యుండి ఇతరులను వెదకిరనియు చూపవలెను. అంతట కారణమేమో యజమాని చెప్పవలెను. ఆయన చెప్పిన కారణము నిజమైన కారణమా, నెపమా యని చూపుటకు అర్జీదారునకు తిరిగి యవకాశమీయవలెను. మనస్సులోనికి తొంగిచూడక, కారణములను వరుసగా బయటకు రప్పించి ఒకదానితో నొకటి ఒఱయించు పద్ధతి యిది. మన చట్టములో ఈ క్రమము ఇంత విస్పష్టముగా వ్రాయబడలేదు. ఐనను వాదమును ఈ క్రమములో పేర్చుటకు మనకు అడ్డులేదు.

ఇచట మేనమామ కొంతసేపు మాటాడలేదు. ఆయన తరువాత చెప్పినది చదివినపిదప పాఠకుడు నాతో ఏకీభవించునని తలచెదను: పద్దు వ్రాసినవానికి తెలిసినంతగా పద్దులోని గుట్టు వకీలునకు తెలియదు.

మేనమామ: అమ్మాయీ, నీవు వేతనపు పుస్తకమును మాత్రమే తలచుచున్నావు. ఆ పుస్తకము కార్మికశాఖవారి కొఱకు వ్రాయబడును. అందు పేరు ఎదుట హెల్పరు అనియే యుండును. ప్లాంటులో పుస్తకములు ఇంకను కలవు. రొయ్య విదేశములకు పోవలెను గదా. కొనువారు ఏ చెఱువు సరుకు, ఏ నాడు వచ్చినది, ఏ లాటులో ఏ బల్లమీద ఒలువబడినది, ఏ ఫ్రీజరులో చేరినది యని వెనుకకు వెదకికొనుటకు వీలుగా వ్రాతలు కోరుదురు. క్వాలిటీవారు లోనికి పోవు ప్రతివాని చేతులు, గోళ్లు, పుండ్లు చూచి పట్టికలో గుర్తు వేయుదురు. ఉత్పత్తి షీటులో బల్లబల్లకు ఎన్ని కిలోలు తేలినవో యుండును. వేతనపు పుస్తకములో హెల్పరైన మనిషి క్వాలిటీ పట్టికలో గ్రేడింగు హాలులో కనబడును. ఒక పుస్తకము వ్రాయువాడు ఇంకొక పుస్తకము చూడడు; కార్మికశాఖ వచ్చిననాడు ఒకటి తీయుదురు, కొనుగోలుదారుల ఆడిటరు వచ్చిననాడు ఇంకొకటి తీయుదురు. రెంటిని ఒక బల్లమీద పెట్టిన యధికారిని నేను నా యుద్యోగకాలములో చూడలేదు.

మేనకోడలు: ఇది నాకు తెలియదు, మామయ్యగారూ! యజమాని వివక్షయని యెచటను వ్రాయడని మీరు మొదట అంటిరి. వ్రాయుచునే యున్నాడన్నమాట, ఐతే సగము ఒక పుస్తకములో, సగము వేఱొక పుస్తకములో. పిలిపింపవలసిన పత్రములను పేరుపేరున అర్జీలోనే వ్రాసెదను. "సంబంధిత రికార్డులన్నియు" అని వ్రాసిన ఏమియు రాదు.

మేనమామ: స్త్రీలయొద్ద నేమున్నవో చూచితివా?

మేనకోడలు: బ్యాంకు పుస్తకములున్నవి, జీతము ఖాతాలో పడినచో ఆ పంక్తియే రసీదు. ఇ.ఎస్.ఐ. కార్డులున్నవి. భవిష్యనిధి పాసుపుస్తకములో ఏ సంస్థ పేరున, ఏ నెల, ఎంత వేతనముపై చందా కట్టిరో కనబడును. వారికి యజమాని మేస్త్రీయే గాని కంపెనీ కాదను వాదమునకు అది కొంత జవాబు. నియామకపత్రములు మాత్రము ఎవరికిని లేవు. క్రొత్త కార్మికస్మృతుల ప్రకారము అవి ప్రతివానికి నీయవలసినవే గనుక, లేకపోవుటయే అడుగదగిన ప్రశ్న. ఫోనులలో సూపర్వైజరు షిఫ్టులు వేసిన వాట్సాప్ సందేశములున్నవి. వానిని ఫొటో తీసి తెచ్చిన చాలదు. ఎలక్ట్రానికు సాక్ష్యమునకు సాక్ష్య అధినియమపు 63వ సెక్షను ధ్రువపత్రము కావలెను, లేక ఆ ఫోనునే హాజరుపఱుపవలెను. కావున కేసు ముగియువఱకు ఫోను మార్చవద్దనియు, సందేశములు చెఱుపవద్దనియు చెప్పితిని. చిక్కుళ్లలో దొరకిన విష్ణుకుండినుల తామ్రశాసనము ఈ లెందులూరినుండియే యీయబడినది. రాజు మాటయే చట్టమైన కాలములోను దానమును రాజు నోటిమాటకు విడువక రాగిరేకుమీద చెక్కించిరి. మన స్త్రీలు మాత్రము నోటిమాటతో పనిలో చేరి, నోటిమాటతో తొలగిపోవుచున్నారు.

మేనమామ: స్త్రీపురుషుల సంగతి ఇట్లు కుదురుననుకొందము. నీయొద్దకు వచ్చినవారిలో మాలపల్లెనుండి వచ్చిన పిల్ల ఒకతె యున్నదనియు, దానిని ఎన్నడును గ్రేడింగు బల్లకు రానీయక పెంకులు, తలకాయలు ఎత్తిపోయు పనికే పెట్టుచున్నారనియు విన్నాను. దానికేమి చెప్పితివి?

మేనకోడలు: నన్ను మీరు ఇరుకున పెట్టిన ప్రశ్న యిదియే. ఆమెకు నేను పూర్తి జవాబు చెప్పలేకపోతిని. రాజ్యాంగపు 16వ అధికరణము సర్కారు కొలువునకు వర్తించును. ప్రైవేటు యజమాని కులమును బట్టి పని పంచినచో వేతనక్లెయిమువలె తిన్నగా పోయి నష్టపరిహార మడుగదగిన సాధారణచట్టము మనకు లేదు. 2015లో సవరింపబడిన అత్యాచారనిరోధక చట్టము, ఇతరులకు తెఱచియున్న వృత్తినుండి ఉద్యోగమునుండి షెడ్యూల్డు కులములవారిని అడ్డగించుట నేరమనినది. కాని అది క్రిమినలు మార్గము. అచట అనుమానమునకు తావులేని రుజువు కావలెను, పోలీసు దర్యాప్తు కావలెను. ఉద్యోగపు దరఖాస్తులపై పేర్లు మాత్రము మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపి, దళితుల పేర్లకు పిలుపులు తగ్గుచున్నవని సుఖదేవ్ థోరట్, పాల్ అట్యువెల్ అను పండితులు 2007లో ప్రకటించిరి. సంఘమంతటికి అది రుజువు. కాని ఆ పిలుపు రాని యొక్క మనిషికి తనను వదలివేసిరని తెలియనే తెలియదు. కనబడని వివక్షకు అర్జీ యెట్లు?

మేనమామ: అమెరికాలో మనవారిమీదనే అట్టి వ్యాజ్యము నడిచినదని పత్రికలలో చదివితిని.

మేనకోడలు: సిస్కో వ్యాజ్యము. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రపు పౌరహక్కుల శాఖయే ఒక దళిత ఇంజనీరు పక్షమున, ఆతని పేరు బయటపెట్టకుండ, కంపెనీమీదను పైయధికారులిద్దఱిమీదను దావా వేసెను. 2023లో ఆ యిద్దఱిమీది అభియోగమును శాఖయే ఉపసంహరించుకొనెను. కంపెనీమీది వ్యాజ్యము మిగిలెను. ఆ సంవత్సరమే సియాటిల్ నగరసభ కులమును నిషిద్ధవివక్షలలో చేర్చెను. తీర్పు సంగతి యట్లుంచుడు. ఆ వ్యాజ్యములో నన్నాకర్షించినది ఒక్కటే: ఫిర్యాదుదారు పేరు దాగెను, దావా రాష్ట్రము వేసెను. మన మాలపల్లె పిల్లకు అట్టి శాఖ లేదు. అందుచేత ఆమెకు ఒక్కటి చెప్పితిని: ఎవరెవరిని ఏ బల్లకు ఎప్పుడు మార్చిరో తేదీతో వ్రాసికొనుము, నీకన్న వెనుక చేరినవారు బల్లకు పోయిరా, చూడుము. ఆమె కూడ స్త్రీయే గనుక వేతనక్లెయిములో ఆమె పేరు చేరును. కులపు సంగతి మాత్రము ఆ క్లెయిములో పట్టదు. అది నాకు ముల్లువలె నున్నది.

మేనమామ: భేదమున్నదన్న ప్రతిచోట వివక్షయనుటయు నాకు సమ్మతము కాదు సుమా. మన రాష్ట్రములోనే స్త్రీలకు కొలువులలో నూటికి ముప్పది యిచ్చిన నిబంధనను వివక్షయని పురుషుడొకడు కోర్టుకెక్కెను గదా.

మేనకోడలు: విజయకుమార్ గారి వ్యాజ్యము. హైకోర్టువారు ఆయన మాట నంగీకరించిరి. 1995లో సుప్రీముకోర్టు, జస్టిస్ సుజాతా మనోహర్‌గారి నోట, ఆ నిబంధనను నిలిపెను. వెనుకబడినవారిని ముందుకు తెచ్చు భేదము వేఱు, వెనుక నుంచు భేదము వేఱు. మీరు తాతలనాటి మర్యాదయనిన ఆడకూలి మగకూలి సంగతియు ఇదే. 2005 నాటి ఉపాధిహామీ చట్టము వచ్చినపిదప, మన చెఱువుల పూడిక తీసిన మస్టరులో ఆడకూలికొక గడి మగకూలికొక గడి లేవు. మట్టి యదే, గమేళా అదే. ఆ మస్టరు చూచిన స్త్రీయే నేడు ప్లాంటులో ఎందుకని అడుగుచున్నది.

మేనమామ: అడుగనిమ్ము. అడిగిననాటి సాయంకాలమే మేస్త్రీ ఆమె యింటికి పోవును. "రేపటినుండి ఆటో నీ వీధికి రాదు" అనును. తొలగించితిమని ఎవడును అనడు. ఆటో రాదు, అంతియే. దానికి నీ సెక్షను లేదు. ఇది నేను కన్నులార చూచిన పద్ధతి. పేరు పైన వ్రాసికొన్న మొదటి స్త్రీ పని పోవును, తక్కినవారు చల్లబడుదురు.

మేనకోడలు: పేరు పైన ఒక్కతెది యుండనక్కఱలేదు. ఒక సంస్థలో పనిచేయు ఎందఱి తరఫుననైనను ఒకే అర్జీ వేయవచ్చునని వేతనస్మృతి 45వ సెక్షనే చెప్పుచున్నది. కార్మికుడే కాక, ఆతడు సభ్యుడైన రిజిస్టర్డు సంఘమును వేయవచ్చును, ఇన్స్పెక్టరును వేయవచ్చును. ఈ మూడు ద్వారములలో ఒంటరిగా పోవలసిన ద్వారమును చివర నుంచితిని. వకీలు ఖర్చునకు భయపడనక్కఱలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో పని లేకుండ ఉచితసహాయము కలదు. ఆటో సంగతి మీరు చెప్పినట్లే జరుగవచ్చును. జరిగిననాడు ఆ తేదీ వ్రాసికొందుము. అర్జీ వేసిన వెనువెంటనే ఆటో ఆగినదన్న క్రమమే ఒక సాక్ష్యము. కాని ఆ నెల ఆమె యింటిలో బియ్యమెట్లను ప్రశ్నకు నా చట్టపుస్తకములో జవాబు లేదని ఒప్పుకొందును.

ఐనను ఓడిన అర్జీయు వ్యర్థము కాదు. విదేశాంగశాఖలో తొలి మహిళాధికారిణి ముత్తమ్మగారు, పెండ్లి చేసికొనవలెనన్న స్త్రీ సర్కారు అనుమతి పొందవలెనను నిబంధనమీదను, తన పదోన్నతి నిరాకరణమీదను కోర్టుకు పోయిరి. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్‌గారు ఆమె పిటిషనును కొట్టివేసిరి. ఏలననగా వ్యాజ్యము నడుచుచుండగనే సర్కారు ఆమెకు పదోన్నతి నిచ్చి, ఆ నిబంధనను తొలగించెను. కాగితముపై ఆమె ఓడెను. అర్జీ వేయనిచో ఆ నిబంధన యెన్నాళ్లుండెడిదో చెప్పగలరా?

మేనమామ: ముత్తమ్మగారు రాయబారిణి, అమ్మా. వీరు దినకూలీలు. నా మాట సూటిగా చెప్పెదను. నా కూతురే ఆ ప్లాంటులో ఉన్నచో, సంఘము పేరున గాక తన పేరున సంతకము పెట్టవద్దనియే చెప్పుదును. భవిష్యనిధి పాసుపుస్తకము ముందుగా తీయించుకొమ్మనియు చెప్పుదును. చాలమందికి ఖాతాకు మేస్త్రీ ఫోను నెంబరే కట్టియుండును, సంగతి పొక్కినపిదప ఓ.టి.పి. రాదు.

మేనకోడలు: ఆ మాట నేను చెప్పినచో భయపెట్టుచున్నానని తలతురు, మీరు చెప్పినచో అనుభవముగా వినెదరు. ఆదివారము వారందఱు వత్తురు. మీరును వచ్చి, సంతకము పెట్టినచో జరుగగల కీడంతయు మీనోటనే చెప్పుడు. చట్టమిచ్చు మేలు నేను చెప్పెదను. రెండును విని పేరు చేర్చుకొనదలచినవారు చేర్చుకొందురు, వలదనువారిని నేను అడుగను.

మేనమామ: వచ్చెదను. నీవు తెప్పింపవలెనన్న పత్రముల పట్టికను అంతలో వ్రాసియుంచుము. క్వాలిటీ పట్టిక ఒక గదిలో నుండును, ఉత్పత్తి షీటు వేఱొక గదిలో. ఏది యే పేరున అడిగిన దొరకునో, ఎన్నేండ్లవఱకు దాచుదురో నేను ప్రక్కన గుర్తు పెట్టెదను.